గోడ మీద అంత బంగారం దేనికి? - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఇటలీలోని రవెన్నా చర్చిల మొజాయిక్ (చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మల) ఫోటోలు వేశాం. వాటి మీద వచ్చిన ఉత్తరాలు చూసి సంపాదకులు ఈసారి పేజీలన్నీ నాకే వదిలేశారు. ముందే చెబుతున్నాను, నేను దైవశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. గాజు ముక్కలు కొట్టి గోడకు అతికించే పని నేర్చుకుని, పాత చర్చిల్లో సారవ ఎక్కి మరమ్మతులు చేసినదాన్ని. ఆదివారం పూజకు వెళ్లే మామూలు క్యాథలిక్‌ని. కాబట్టి జవాబుల్లో సున్నం వాసన కాస్త ఎక్కువే ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, ఆ ఫోటోల్లో నెమళ్లు, పావురాలు, జింకలు, గొర్రెలు కనిపించాయి. ఏది దేనికి గుర్తో ఒక పట్టిక వేసి ఇవ్వండి, కత్తిరించి దాచుకుంటాను.

జవాబు: పట్టిక ఇవ్వనండీ. ఇస్తే మీరు గోడను వదిలేసి పట్టికనే చూస్తారు. నెమలి అంటే అమరత్వం, టిక్కు. పావురం అంటే పవిత్రాత్మ, టిక్కు. అయిపోయింది, పదండి ఇంకో చర్చికి. ఇలా చూసి వెళ్లిపోయేవాళ్లను సారవ మీద కూర్చుని చాలామందిని చూశాను.

జింక సంగతే తీసుకుందాం. రవెన్నాలో గల్లా ప్లసీడియా సమాధి మందిరం అని ఒక చిన్న కట్టడం ఉంది, 5వ శతాబ్దం నాటిది. బయటికి ఉత్త ఇటుకల గది. లోపల గోడ పైభాగాన, తీగల మధ్య, రెండు జింకలు నీటి దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. దుప్పి సెలయేటి కోసం తపించినట్టు నా ప్రాణం దేవుని కోసం తపిస్తోందని 42వ కీర్తనలో ఉంది కదా, అదే ఆ బొమ్మ. సమాధి గదిలో ఉంది కాబట్టి అక్కడ ఆ దాహం చనిపోయినవారిది. వాళ్లు వెళ్లి చేరవలసిన నీళ్లు అవి.

ఇప్పుడు రోములోని సాన్ క్లెమెంతే చర్చికి రండి. ఇది 12వ శతాబ్దపు పని. బలిపీఠం వెనకాల అర్ధగోపురం నిండా ఒక తీగ చుట్టలు చుట్టలుగా పాకింది. మధ్యలో శిలువ, దాని మీద పన్నెండు తెల్ల పావురాలు. పావురం అంటే పవిత్రాత్మే అనుకుని వెళ్లినవాళ్లు ఇక్కడ ఇరుక్కుపోతారు, ఎందుకంటే ఈ పన్నెండూ అపొస్తలులు. శిలువ మొదట్లోంచి నాలుగు నదులు పుడుతున్నాయి, రెండు జింకలు వాటిలో తాగుతున్నాయి. నాలుగు నదులంటే ఏదెను తోట. అంటే ఆ శిలువ తోటలోని జీవవృక్షం, ఆ జింకలు జ్ఞానస్నానానికి వచ్చిన జనం. ఇంకా పరీక్షగా చూస్తే శిలువ కాళ్ల దగ్గర ఇంకో బుల్లి జింక, దాని ముందు పాము కనిపిస్తాయి. జింక పామును తిని, ఆ విషం విరగడానికి నీళ్లకు పరుగెత్తుతుందని పాతకాలం వాళ్లు నమ్మేవారు. ఆ పాముతో ఏదెను తోటలోని ఆదాము కథ కూడా శిలువ మొదట్లోకే వచ్చి చేరింది. జంతువు ఒకటే, అర్థం మాత్రం అది నిలబడిన చోటును బట్టి మారింది. అన్నట్టు, ఆ తీగ చుట్టల కింద ఒకామె కోళ్లకు మేత వేస్తూ ఉంటుంది. నాకు ఆ గోడ మొత్తం మీద ఆమే ఇష్టం. జీవవృక్షం కింద కోళ్లకు కూడా చోటుందన్నమాట.

నెమలి గురించి మాత్రం ఒక్క మాట. నెమలి మాంసం కుళ్లదని ఆ రోజుల్లో నమ్మకం. పునీత అగస్టీను అంతటివాడు కార్తేజ్‌లో తనకు వడ్డించిన నెమలి మాంసంలో ఒక ముక్క దాచిపెట్టించి, ఏడాది తర్వాత కూడా చెడిపోలేదని రాసుకున్నాడు. క్రీస్తులో మరణం లేని జీవితానికి నెమలి గుర్తయింది అలాగే.

ప్రశ్న: సాన్ వితాలే చర్చిలో బలిపీఠం చుట్టూ హేబెలు, అబ్రహాము, మెల్కీసెదెకు ఉన్నారని రాశారు. యేసు ప్రభువు చేసిన అద్భుతాలు వేయకుండా ఈ పాత నిబంధన వాళ్లెందుకు?

జవాబు: బలిపీఠం అక్కడుంది కాబట్టి.

రవెన్నాలో 547లో ప్రతిష్ఠించిన ఆ చర్చిలో, పీఠానికి ఒక పక్క గోడ మీద ఒకే బల్లకు అటూ ఇటూ ఇద్దరు నిలబడి ఉంటారు. హేబెలు గొర్రెపిల్లను పైకెత్తి పట్టుకున్నాడు, మెల్కీసెదెకు రొట్టెను ఎత్తి పట్టుకున్నాడు. బల్ల మీద ఒక పాత్ర, రెండు రొట్టెలు. ఎదుటి గోడ మీద అబ్రహాము ముగ్గురు అతిథులకు వడ్డిస్తున్నాడు, ఆ పక్కనే ఈసాకును బలి ఇవ్వబోతున్నాడు. తలెత్తితే కప్పు నడిమధ్యన, చుక్కల్లో, దేవుని గొర్రెపిల్ల.

ఇక పూజలో మొదటి దివ్యసత్ప్రసాద ప్రార్థన గుర్తు చేసుకోండి. నీతిమంతుడైన హేబెలు కానుకలను, మా తండ్రి అబ్రహాము బలిని, మెల్కీసెదెకు అర్పణను స్వీకరించినట్టు ఈ కానుకలను కూడా స్వీకరించమని గురువు అందులో వేడుకుంటారు. ఆ మూడు పేర్లూ గురువు నోట వస్తున్నప్పుడు ఆ ముగ్గురూ అటూ ఇటూ గోడల మీదే ఉంటారు, చేతుల్లో కానుకలతో సహా. వాళ్లూ ఆ పూజలోనే ఉన్నారు, మనకంటే కాస్త ముందు వరసలో. అద్భుతాల బొమ్మలు అక్కడ పెడితే అందంగానే ఉండేవి, కానీ పీఠం మీద జరిగేదానికి అంత దగ్గరగా ఉండేవి కావు.

అదే చోట, కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలిన జస్టీనియన్ చక్రవర్తి, థియొడోరా మహారాణి కూడా ఉన్నారు. వాళ్లు రవెన్నాలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఊరు మాదే అని చెప్పుకోవడానికి పెట్టిన బొమ్మలని చరిత్రకారులు అంటారు, అది నిజమే. కానీ చేతులు చూడండి. ఆయన చేతిలో రొట్టెకు బంగారు పళ్లెం, ఆమె చేతిలో ద్రాక్షారసానికి పాత్ర. ఆమె అంగీ అంచు మీద ముగ్గురు జ్ఞానులు కానుకలు పట్టుకుని నడుస్తుంటారు, వేలెడంత బొమ్మలు. అధికారం చూపించుకోవడం, కానుక పట్టుకుని రావడం రెండూ అక్కడ కలిసే ఉన్నాయి. ఒకటి నిజం, ఇంకోటి అబద్ధం అని విడదీయడం నావల్ల కాదు.

ప్రశ్న: పశువుల తొట్టిలో పుట్టినవాడికి గోడలనిండా బంగారమా? ఆ డబ్బుతో ఎంతమంది పేదలకు అన్నం పెట్టొచ్చు! ఇది భక్తా, ఆడంబరమా?

జవాబు: మీరు అడిగిన మాటే పునీత యోహాను క్రిసోస్తం 4వ శతాబ్దంలో ప్రసంగ పీఠం మీద నుంచి అడిగాడు. గుడి లోపల క్రీస్తుకు పట్టుబట్టలు కట్టి, బయట చలికి వణుకుతున్న క్రీస్తును వదిలేస్తారా అని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. ఆకలి తీర్చడానికి మొజాయిక్ ఏ రకంగానూ అడ్డం కాకూడదు. కానీ ఆ బంగారం అక్కడ ఏం పని చేస్తోందో మాత్రం చెప్పగలను.

ముందు అది ఎంత బంగారమో వినండి. గాజు పలక మీద, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలుచని బంగారు రేకు పరుస్తారు. దాని మీద మళ్లీ పొరలాంటి సన్నని గాజు కప్పి కొలిమిలో పెడతారు. మూడూ ఒకటైపోతాయి. చల్లారాక, ఉలి అంచు మీద ఆనించి సుత్తితో చిన్న చిన్న ముక్కలుగా కొడతారు. అంటే మీరు చూసే గోడ బంగారు గోడ కాదు, గాజు గోడ. ఆ గాజు మధ్యలో ఇరుక్కున్న లోహం గోరుతో గీకితే వచ్చేటంత కూడా ఉండదు.

బైబిల్లోని దర్శన గ్రంథం 21వ అధ్యాయంలో కొత్త యెరూషలేము వర్ణన ఉంది. ఆ నగరం స్వచ్ఛమైన గాజులాంటి మేలిమి బంగారంతో కట్టి ఉందని, దానికి సూర్యుడూ చంద్రుడూ అక్కర్లేదని, దేవుని మహిమే దానికి వెలుగని. గాజులో బంగారం పెట్టడం ఈ వాక్యం కోసం పుట్టిన పద్ధతి కాదు, రోమన్ల దగ్గర అంతకుముందే ఉంది. అయినా పూజకు వచ్చి తలెత్తినవాడికి ఆ వాక్యం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

ఇంకో సంగతి. ఆకాశం నీలంగా వేస్తే అది పగలు, ఎర్రగా వేస్తే సాయంత్రం. కొండ వేస్తే ఒక ఊరు. బంగారం వేస్తే పగలూ లేదు, రాత్రీ లేదు, ఊరూ లేదు. పునీతుల వెనకాల నీడ పడదు. వాళ్లు ఇప్పుడు ఏ లోకంలో ఉన్నారో చెప్పడానికి చిత్రకారుడి దగ్గరున్న రంగుల్లో ఏదీ పనికిరాలేదు, అందుకని రంగే కాని దాన్ని తెచ్చి పెట్టారు.

ఈ పని అసలు గుట్టు ముక్కల వంపులో ఉంటుంది. సారవ ఎక్కి, గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా చూస్తే బంగారు నేపథ్యం ఏమీ బాగుండదు. ఒక ముక్క ముందుకు, ఒకటి వెనక్కి, ఒకటి పక్కకు ఒరిగి, పళ్లు సరిగా రాని పిల్లాడి నోరులా ఉంటుంది. సగం ముక్కలు నల్లగా, మట్టి రంగులో కనిపిస్తాయి. తల అరచెయ్యంత పక్కకు జరిపితే ఆ నల్లవే భగ్గుమంటాయి, ఇందాక మెరిసినవి ఆరిపోతాయి. తడి గచ్చులో ఒక్కొక్క ముక్కను బొటనవేలితో నొక్కుతూ, కావాలనే ఇలా వంకరగా నిలబెడతారు. పునీతుల తల చుట్టూ ఉండే కాంతివలయంలోనైతే కొన్ని చోట్ల ముక్కల్ని కిందికి, జనం వైపుకి వంచి పెట్టారు. కొవ్వొత్తుల, నూనె దీపాల కాలం అది. మంట కదిలితే గోడ కదులుతుంది, మనం నడిస్తే గోడ కదులుతుంది. సారవ మీద కదలకుండా కూర్చున్న నాకు కనిపించని వెలుగు కింద నడుస్తున్న ముసలమ్మకు కనిపిస్తుంది. నాకు ఈ బంగారం అర్థమైంది అక్కడే. వెలుగు గోడలో లేదు. బయటి నుంచి వస్తుంది, ముక్క ఊరికే దాన్ని అందుకుని ఇస్తుంది. కృప గురించి జ్ఞానోపదేశంలో నేర్చుకున్నది కూడా ఇదే కదా అనిపించింది.

అందుకే ఒక విన్నపం. ఇటలీలో చాలా చర్చిల్లో నాణెం వేస్తే లైట్లు వెలిగే డబ్బా ఒకటి గోడకు ఉంటుంది. లోపలికి అడుగు పెట్టగానే నాణెం వేయకండి. కరెంటు లైటు నిటారుగా కొడితే అంతా ఒకేసారి, ఒకేలా మెరుస్తుంది, మిఠాయి కాగితం మాదిరి కళ్లు జిగేల్‌మంటాయి తప్ప ఏమీ కదలదు. కాసేపు చీకట్లోనే తిరగండి.

అన్ని మొజాయిక్‌లూ బంగారు నేపథ్యంలోనే ఉండవు కూడా. ఇందాక చెప్పిన గల్లా ప్లసీడియా మందిరం కప్పంతా చిక్కని నీలం, దాని నిండా బంగారు చుక్కలు, నడిమధ్యన తూర్పు దిక్కుగా బంగారు శిలువ. కిటికీలకు గాజు బదులు పలుచటి పాలరాతి పలకలు ఉంటాయి, వాటిలోంచి తేనె రంగు వెలుతురు దిగుతుంది. సమాధి కాబట్టి రాత్రిని వేశారు, తెల్లవారబోయే దిక్కును శిలువతో చూపించారు.

ప్రశ్న: అక్కా, కొందరి తల వెనక గుండ్రటి కాంతివలయం కాకుండా నలుచదరంగా ఉంది. అది ఎవరైనా తప్పుగా వేశారా?

జవాబు: తప్పు కాదు తమ్ముడూ. నలుచదరపు వలయం ఉంటే, బొమ్మ వేసే నాటికి ఆ మనిషి బతికే ఉన్నాడని. రోములో సాంతా ప్రస్సేదే చర్చిలో పోపు మొదటి పాస్కల్ అలాగే ఉంటాడు, చేతిలో తను కట్టించిన చర్చి నమూనాతో. ఆయన పోపుగా ఉన్నది 817 నుంచి 824 వరకు. అదే చర్చిలో జెనో ప్రార్థనాలయంలో ఆయన తల్లి థియొడోరాకు కూడా నలుచదరమే. చతురస్రం భూమికి, వృత్తం పరలోకానికి గుర్తు అని పెద్దలు చెబుతారు. పునీతుల వరసలో నిలబడే ధైర్యం చేసినా, ఇంకా పరీక్ష పూర్తి కాలేదని ఒప్పుకున్నట్టు నాకనిపిస్తుంది.

ప్రశ్న: క్లాస్సే చర్చి ఫోటో కింద "దివ్యరూపధారణ" అని రాశారు. అందులో యేసు ప్రభువే లేడు! ఒక శిలువ, కొన్ని గొర్రెలు ఉన్నాయంతే. శీర్షిక మారిపోయిందా?

జవాబు: శీర్షిక సరైనదే. ఇన్ని మొజాయిక్‌లలో ఒక్కటే చూడమంటే నేను రవెన్నా పక్కనే ఉన్న ఈ సాంత్ అపొల్లినారె ఇన్ క్లాస్సేకే పంపిస్తాను. 549లో ప్రతిష్ఠించారు.

మీ సువార్త పుస్తకం పక్కన పెట్టుకుని ఫోటో చూడండి. కొండ మీద యేసు రూపం మారింది, మోషే, ఏలీయా వచ్చి మాట్లాడారు, పేతురు, యాకోబు, యోహాను చూశారు, మేఘంలోంచి తండ్రి స్వరం వినిపించింది. ఇప్పుడు గోడ మీద. మేఘాల్లోంచి నడుము వరకు కనిపిస్తున్న ఇద్దరు మోషే, ఏలీయా. పైనుంచి దిగిన చెయ్యి తండ్రి స్వరం. శిలువ వైపు తలలెత్తి చూస్తున్న మూడు గొర్రెలు ముగ్గురు శిష్యులు. మధ్యలో రత్నాలు పొదిగిన అంచున్న పెద్ద నీలి గుండ్రం, దానిలో 99 చుక్కలు, ఆ చుక్కల నడుమ రత్నాల శిలువ. శిలువకు రెండు పక్కలా అల్ఫా, ఒమేగా. పైన గ్రీకులో "చేప" అనే మాట, యేసు క్రీస్తు దేవుని కుమారుడు రక్షకుడు అనే మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చేది. కింద లాటిన్‌లో "లోక రక్షణ".

ఇప్పుడు శిలువ రెండు కమ్ములూ కలిసే చోట చూడండి. ఫోటోలో చుక్కలా కనిపించేది మచ్చ కాదు. అది యేసు ముఖం. అంత పెద్ద అర్ధగోపురంలో ఆయన ముఖానికి దక్కిన చోటు అంతే.

ఎందుకలా? సువార్తలో ఆ సంఘటనకు కాస్త ముందే ఆయన తన మరణం గురించి చెప్పాడు. కొండ దిగుతూ మళ్లీ చెప్పాడు. కొండ మీది మహిమనూ గొల్గొతా మీది శిలువనూ విడదీయకూడదని ఈ గోడ పట్టుబడుతోంది. మనిషి ఆకారంలో మెరిసిపోతున్న యేసును వేస్తే మనం మహిమను మాత్రమే చూసి మురిసిపోయేవాళ్లం, పేతురులాగే ఇక్కడే గుడారాలు వేసుకుందామని. శిలువనే మెరిపించి, దాని గుండెలో ఆయన్ని పెట్టేశారు. దాని కింద పచ్చిక మైదానంలో మొదటి బిషప్ పునీత అపొల్లినారిస్ చేతులు చాచి ప్రార్థిస్తున్నాడు, ఇరువైపులా పన్నెండు గొర్రెలు. ఆయన కూడా పూజ చేస్తున్న గురువులాగే నిలబడ్డాడు, సరిగ్గా కింద అసలు గురువు నిలబడే చోటుకు పైన.

ప్రశ్న: మొజాయిక్‌లో మనుషుల్ని చెరిపేశారని, చేతులు మాత్రం మిగిలిపోయాయని ఎక్కడో చదివాను. నిజమేనా?

జవాబు: నిజమే. రవెన్నా ఊళ్లోని సాంత్ అపొల్లినారె నువోవో. గోత్ జాతి రాజు థియొడొరిక్ కట్టించిన చర్చి. ఆయనది ఆరియన్ మతం, కుమారుడు తండ్రితో సమానుడు కాడనే బోధ. 540లో బైజాంటైన్ (తూర్పు రోమన్) సైన్యం ఊరిని పట్టుకున్నాక చర్చి క్యాథలిక్కుల చేతికి వచ్చింది. రాజభవనం బొమ్మలో స్తంభాల మధ్య నిలబడిన మనుషుల్ని పీకేసి, ఆ ఖాళీల్లో తెరలు అతికించారు. అయితే కొన్ని చేతులు స్తంభాల మీదికి చాచి ఉన్నాయి. స్తంభం పాడవుతుందనో, తొందరలోనో వాటిని వదిలేశారు. ఇప్పటికీ తెల్లటి స్తంభం మీద మనిషి లేని చెయ్యి, వేళ్లతో సహా ఉంది. దీనికి ఆధ్యాత్మిక అర్థం వెతకొద్దు. ఇది కక్ష. గుడి గోడల మీద కక్ష కూడా ఉంటుంది.

ప్రశ్న: మేము బొమ్మలు లేని సంఘానికి చెందినవాళ్లం. ఎంత అందంగా ఉన్నా, రెండో ఆజ్ఞ ప్రకారం ఇది విగ్రహారాధన కాదా?

జవాబు: మీ ఆందోళనను తేలిగ్గా తీసుకోను. దాదాపు 600లో మార్సెయ్ బిషప్ సెరేనుస్ సరిగ్గా ఇదే కారణంతో తన చర్చిలో బొమ్మలు పగలగొట్టించాడు. పోపు మొదటి గ్రెగొరీ ఆయనకు ఉత్తరం రాశాడు: బొమ్మల్ని ఆరాధించకూడదన్న నీ పట్టుదల మెచ్చుకోదగ్గదే, కానీ పగలగొట్టడం తప్పు, చదువు రానివాళ్లు పుస్తకంలో చదవలేనిది గోడల మీద చదువుకుంటారని. తర్వాత తూర్పున పెద్ద గొడవే జరిగింది. 787లో నికేయాలో జరిగిన రెండో మహాసభ, బొమ్మకు ఇచ్చే గౌరవం బొమ్మలో ఉన్న వ్యక్తికి చెందుతుందని, ఆరాధన మాత్రం దేవునికే అని తేల్చింది. 815లో కాన్‌స్టాంటినోపుల్ మళ్లీ బొమ్మల్ని నిషేధించింది. ఇందాకటి నలుచదరపు పోపు పాస్కల్ రోములో వరసగా మూడు చర్చిల్లో మొజాయిక్‌లు పెట్టించింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఊరికే అలంకారం అనుకుంటే అంత పట్టుదల అక్కర్లేదు.

నా సొంత మాటగా అయితే ఇంత చెబుతాను. ముక్కలు కొట్టి అతికించినదాన్ని దేవుడనుకోవడం ఆ పని చేసినవాళ్లకు మహా కష్టం. ముక్కు సరిగా రాలేదని పునీతుల్ని ఎన్నిసార్లు పీకి మళ్లీ పెడతామో చూస్తే మీరూ నమ్ముతారు. మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, ఫోటోలు చూడటం మానకండి.

ప్రశ్న: నేల మీద కూడా మొజాయిక్‌లు ఉంటాయి కదా. శిలువను, యేసును తొక్కినట్టు కాదా?

జవాబు: అందుకే 427లో రెండో థియొడోసియస్ చక్రవర్తి నేల మీద శిలువ గుర్తు వేయకూడదని చట్టమే చేశాడు. నేలకు వేరే కథలు ఎంచుకునేవారు. ఉత్తర ఇటలీలోని అక్విలేయాలో, 4వ శతాబ్దం మొదట్లో బిషప్ థియొడోర్ వేయించిన నేలలో ఒక పెద్ద భాగం సముద్రమే: చేపలు, పడవలు, యోనాను మింగుతున్న పెద్ద జలచరం, కక్కాక తీగ నీడన హాయిగా పడుకున్న యోనా. యోనా మూడు దినాలంటే క్రీస్తు సమాధి, పునరుత్థానం. తొక్కినా అపచారం కాదు, అర్థమూ పోదు. ఇప్పుడు దాని మీద నడవనివ్వరు, గాజు వంతెనల మీంచి చూడాలి.

గలిలయ సరస్సు ఒడ్డున తబ్గాలోని క్యాథలిక్ చర్చిలో పీఠం దగ్గర నేల మీద ఒక బుట్ట, అటూ ఇటూ రెండు చేపలు ఉన్నాయి. ఇది 5వ శతాబ్దపు నేల. సువార్తలో యేసు ఐదు రొట్టెలు, రెండు చేపలతో వేలమంది ఆకలి తీర్చాడు కదా, ఈ బుట్టలో మాత్రం రొట్టెలు నాలుగే. ఐదోది ఏదంటే, పీఠం మీద ఉంది కదా అంటారు అక్కడివాళ్లు. బాగుంది కదూ!

ప్రశ్న: రోములో సెయింట్ పీటర్స్‌లో ఉన్నవి కూడా మొజాయిక్‌లేనట. నేను పెయింటింగ్‌లనుకుని వచ్చేశాను.

జవాబు: అందరూ అలాగే వచ్చేస్తారు. తేమకు కాన్వాసులు పాడవుతున్నాయని పీఠాల మీది చిత్రాలను దాదాపు అన్నిటినీ మొజాయిక్ నకళ్లతో మార్చారు. దానికోసం 1727లో వాటికన్ మొజాయిక్ కార్యశాల ఏర్పడింది, ఇప్పటికీ నడుస్తోంది. చిన్న చిన్న గాజు ముక్కలతో కుంచె గీతల్ని అచ్చంగా దించారు. పనితనానికి దండం పెడతాను. కానీ మొజాయిక్ అని తెలియకుండా దాచేసిన మొజాయిక్ నన్ను కదిలించదు. ముక్కలన్నీ ఒకే మట్టంలో, నున్నగా. మీరు అటూ ఇటూ నడిచినా అది మిమ్మల్ని పట్టించుకోదు.

ప్రశ్న: మా విచారణలో (పారిష్‌లో) కొత్త గుడికి మొజాయిక్ పెట్టించాలనుకుంటున్నాం. కమిటీలో ఒకరు అంతిమ తీర్పు అంటారు, ఒకరు మరియమాత అంటారు. ప్రింటు టైల్స్ చాలని ఇంకొకరు. ఏం చేయమంటారు?

జవాబు: బొమ్మ ఏదో తేల్చుకునే ముందు ఉదయం పూజ వేళ, సాయంత్రం పూజ వేళ గుడిలో కూర్చుని వెలుతురు ఏ గోడ మీద ఎలా పడుతోందో చూసుకోండి. కిటికీకి పక్కగా ఉన్న గోడ మంచిది, వెలుగు ఏటవాలుగా తగులుతుంది. కిటికీ ఉన్న గోడ మీద పెట్టారో, ఆ మెరుపుకి కళ్లు చికిలించుకోవడమే, బొమ్మ కనపడదు.

తర్వాత, ఆ గోడ కింద ఏం జరుగుతుందో చూడండి. జ్ఞానస్నానపు తొట్టి ఉందా? నీళ్లు, జింకలు, నదులు. బలిపీఠమా? గొర్రెపిల్ల, రొట్టె, ద్రాక్ష. బయటికి వెళ్లే తలుపు పైనా? అంతిమ తీర్పు ఆ చోటికే సరిపోతుంది. వెనిస్ దగ్గర తొర్చెల్లోలో పడమటి గోడ మీద, జనం ఇంటికి వెళ్తూ చూసేలా పెట్టారు. మీ కమిటీ తగువులో సగం ఇక్కడే తీరిపోతుంది. మరియమాతను ఎక్కడ పెట్టినా ఎవరూ కాదనరు, ఆ మిగతా సగం మీరే చూసుకోండి.

ప్రింటు టైల్స్ వద్దు. డబ్బు తక్కువైతే గోడంతా కప్పే ఆలోచన మానుకుని, ఒక్క శిలువనో ఒక్క గొర్రెపిల్లనో చేతిపనిగా చేయించండి. చుట్టూ తెల్ల సున్నం ఉండనివ్వండి. పని చేసేవాళ్లను ఒక్క విషయం అడగండి: ముక్కలు నేరుగా గోడ మీద పెడతారా, కాగితం మీద తలకిందులుగా అతికించి తెచ్చి గోడకు అద్దుతారా? రెండోది త్వరగా అవుతుంది, ఖర్చూ తక్కువ, నేలకైతే అదే మేలు. కానీ ముక్కలన్నీ ఒకే మట్టంలో కూర్చుంటాయి, వెలుగు ఆడదు. పీఠం వెనక గోడకు నేరుగా పెట్టే పద్ధతే అడగండి. గాజు ముక్కల మధ్య సందుల్ని సిమెంటుతో పూడ్చనివ్వకండి, నేల టైల్స్ వేసే అలవాటుతో మేస్త్రీలు పూడ్చేస్తారు. పూడిస్తే రంగులన్నీ చచ్చిపోతాయి.

ఆఖరుగా, మిగిలిన ముక్కలన్నీ పని చేసినవాళ్ల దగ్గర అడిగి తీసుకోండి. ఎప్పుడో ఒకప్పుడు కొన్ని రాలతాయి, ఒక కొలిమిలో వచ్చిన రంగు ఇంకో కొలిమిలో అచ్చంగా రాదు. డబ్బాలో పోసి, ఏ ముక్క ఏ బొమ్మదో రాసి, సాక్రిస్టీ (పూజ సామాన్ల గది) బీరువాలో పెట్టండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "పారేయవద్దు" అని కూడా రాయండి, లేకపోతే బదిలీ మీద వచ్చే కొత్త ఫాదర్ గారు మొదటి శుభ్రతా కార్యక్రమంలోనే దాన్ని చెత్తలో వేయిస్తారు.